ఒకే తలుపుకు రెండు నంబర్లు

అతను పోయాడని విన్నప్పుడు నాకు బాధ కలగలేదు. లేని బాధను ఉన్నట్టు చూపించడం మా ఇంట్లో అలవాటు లేదు కనుక ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మొన్న నౌపడ స్టేషనులో రైలు కోసం కూర్చుని ఉంటే, ఉప్పుమళ్ళ మీంచి కొడుతున్న గాలికి కొంగు బిగించుకుంటూ ఒకావిడ దగ్గరికొచ్చింది.

"బాబుగారూ, నన్ను గుర్తుపట్టారా?"

పట్టాను. అరవై ఎనిమిది ప్రాంతంలో మేమిద్దరం ఒకే సర్వేలో పనిచేశాం. ఆడవాళ్ళను ప్రశ్నలడగడానికి పెట్టుకున్న ఆమెను ఊళ్ళలో అందరూ టీచరమ్మ అనేవారు.

"మన సూపర్వైజరుగారు పోయారండి. విజయనగరంలోనే. నెల దాటింది."

"అలాగా" అన్నాను.

ఇంకేదైనా అంటానేమోనని ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. నేను సిగ్నలు వైపు చూశాను.

"కనిపించినప్పుడల్లా మిమ్మల్ని అడిగేవారండి. ఆ రెండు నంబర్ల ఇన్వెస్టిగేటరుగారు ఎలా ఉన్నారు అని."

చచ్చేదాకా ఆ మాట వదల్లేదన్నమాట.

అతని పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు మంచివాడని ఉత్తరం రాస్తారు. మంచివాడు కాదని నేననను. అతను నాకు చేసినదాన్ని నేను క్షమించలేదు, అంతే.

మనిషి పొట్టి. పొందూరు ఖద్దరు చొక్కా, మోకాళ్ళ కిందికి దిగీ దిగని పంచె. చేతిలో జాజు అనే ఎర్రమట్టి కలిపిన డబ్బా, అందులో ఈతమట్ట చివర నలగ్గొట్టి చేసిన కుంచె. చెవి మీద కాపీయింగు పెన్సిలు. రాసేముందు ప్రతిసారీ దాని ములుకు నాలుకకు తాకించేవాడు. దాంతో కింది పెదవి మీద ఊదారంగు మచ్చ ఒకటి ఎప్పుడూ ఉండేది. పిల్లలు ఆ మచ్చ చూసి నవ్వితే తనూ నవ్వేవాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చేది కాదు.

ఏ ఇంటికెళ్ళినా మంచం వాలిస్తే కూర్చునేవాడు కాదు. భుజం మీది తువ్వాలు మడిచి నేలమీద వేసుకుని కూర్చునేవాడు. పూరి గుడిసె ముందైనా అంతే, పెద్ద అరుగుల ఇంటి ముందైనా అంతే. మజ్జిగ ఇస్తే పుచ్చుకునేవాడు కాదు. "ఎవరిల్లు రాస్తన్నామో ఆరి మజ్జిగ తాగితే సెయ్యి మెత్తబడతాది" అనేవాడు. మధ్యాహ్నమైతే ఏ చెట్టు కిందికో పోయి, అల్యూమినియం గిన్నెలో తెచ్చుకున్న చోడంబలి తాగేవాడు.

నన్ను ఆ జిల్లాలో బాబుగారూ అనని మనిషి అతనొక్కడే. మా ఎస్టేటు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. దివాణంలో తూర్పు వైపు మిద్దె కూలిపోయింది, మిగిలినదాన్ని వాసాలు ఆపుతున్నాయి. అయినా నరసన్నపేట సంతలో నాకు ఎదురైనవాడు చెప్పులు విడవకుండా పలకరించేవాడు కాదు. అతను మాత్రం మొదటిరోజు నుంచీ, "ఇన్వెస్టిగేటరుగారూ" అన్నాడు. గౌరవంగానే అన్నాడు. ఆ గౌరవం ఉద్యోగానికి. నాకు కాదు.

అతని తాత పొందూరు నుంచి మా తాతగారికి సన్నపంచెలు తెచ్చేవాడని నాకు తెలుసు. అరుగు కింద నిలబడి మూట విప్పేవాడట. ఒకరోజు, అతన్ని అతని చోట నిలబెడదామనే, ఆ సంగతి అతనితో అన్నాను.

"అవునండి" అన్నాడు, కొంచెం కూడా నొచ్చుకోకుండా. "మా తాత సెప్పేవోడు. మూర మాత్రం ఎవరికైనా ఒకటేనంట. దొరగారని పొడుగ్గా కొలిస్తే మగ్గం ఒప్పుకోదంట."

సర్వే పెళ్ళయిన దంపతుల మీద. పిల్లల గురించి, కాపరం గురించి, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్న దాని గురించి భార్యనూ భర్తనూ ఒకే సమయంలో వేర్వేరు చోట్ల కూర్చోబెట్టి అడగాలి. మొగవాళ్ళు నా వంతు, ఆడవాళ్ళు టీచరమ్మ వంతు. అయితే దొరికినవాళ్ళను అడగడానికి లేదు. ముందు ఊళ్ళో ప్రతి ఇంటికీ జాజుతో నంబరు వేయాలి. తరువాత ఒకటి నుంచి ఏడు వరకు చీటీలు రాసి ఒకటి తీయాలి. వచ్చిన అంకె దగ్గర మొదలుపెట్టి ప్రతి ఏడో ఇంటినీ ఎంచాలి. ఎంచిన ఇంట్లో వాళ్ళు లేకపోతే మళ్ళీ వెళ్ళాలి. అప్పటికీ లేకపోతే మూడోసారి వెళ్ళాలి. అంతే తప్ప పక్కింటికి పోకూడదు.

"ఇల్లు మారదు" అనేవాడు. రోజుకి పదిసార్లు అనేవాడు.

అతని లెక్కలో ఇల్లంటే గోడలూ కప్పూ కాదు, పొయ్యి. ఒకే కప్పు కింద అన్నదమ్ములు రెండు పొయ్యిలు వెలిగిస్తే రెండు నంబర్లు. అత్తా కోడలూ విడిగా వండుకుంటే రెండు నంబర్లు. "మేమందరం ఒకటే బాబూ" అని ఇంటి పెద్ద ఎంత మొత్తుకున్నా, పెరట్లోకి పోయి పొగ చూసొచ్చేవాడు. "ఉన్నాది రాయండి ఇన్వెస్టిగేటరుగారూ. ఉండవలసింది రాయకండి" అనేవాడు.

నౌపడకు తూర్పున సముద్రపొడ్డు పల్లెలో ఒక ఇల్లు చీటీలో వచ్చింది. నేనూ టీచరమ్మా రెండుసార్లు వెళ్ళాం. రెండుసార్లూ మొగుడు సముద్రం మీద ఉన్నాడు. పెళ్ళాం వల బాగుచేసుకుంటూ మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది.

"మల్లీ ఒచ్చినారేటి బాబూ! మావోడు యాటకెల్లాడు. ఆపరేసనంటే నాను నేను, మావోడూ నేడు. ఎల్లండెల్లండి." ఆ ఒడ్డున లేను అంటే నేను, లేడు అంటే నేడు.

"కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాదమ్మా, ప్రశ్నలే" అంది టీచరమ్మ.

"ఓలప్పో, ముందు పెశ్నలే అడుగుతారు. ఎనకాల కత్తొస్తాది. మాకు తెల్దేటి?"

పక్క గుడిసెవాడు ఇది చూసి మంచం వాల్చాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు, మర్యాద తెలిసినవాళ్ళు. నన్ను చూసి పెళ్ళాం కొంగు భుజం నిండా కప్పుకుంది. మూడోసారి వెళ్ళినప్పుడు నేను ఆ ఇంట్లోనే కూర్చుని కాగితం నింపేశాను. టీచరమ్మ వద్దంటూనే ఉంది. ఎవరైతేనేం, దంపతులు దంపతులే కదా అన్నాను.

సాయంత్రం అతను కాగితం తిరగేసి, పెన్సిలు నాలుకకు తాకించి, రాయకుండా ఆగాడు.

"ఇది ఆ ఇల్లు కాదు."

"పక్కది. అక్కడివాళ్ళు మాట్లాడరు. వీళ్ళు చక్కగా చెప్పారు."

"సక్కగా సెప్పినోల్లనే అడిగితే అది మాటకారుల సర్వే అవుతాదండి. దంపతుల సర్వే అవదు." కాగితం అడ్డంగా కొట్టేశాడు. "రేపు నానూ వస్తాను."

తెల్లారి ముగ్గురం ఆరుమైళ్ళు ఇసుకలో నడిచాం. అతను ఆ గుడిసె ముందు తువ్వాలు పరుచుకుని, మొగుడు తెప్ప దిగేదాకా కదలనని కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆ ఆడమనిషే చివరికి విసుగెత్తి, అడగండి మీ పెశ్నలు అంది.

"మీ ఆయన పేరేటమ్మా?"

"ఓలమ్మో! నా నోటెంట ఎలాగొస్తాది?"

అతను ఇంకేమీ అనలేదు. పెన్సిలు చేత్తో పట్టుకుని నేలమీదికి చూస్తూ ఊరుకున్నాడు. అదే అతని పద్ధతి. అడిగాక మాట సాయం చేసేవాడు కాదు, తొందరపెట్టేవాడు కాదు, మొహంలోకి చూసేవాడు కాదు. అలా ఊరుకుంటే అవతలి మనిషికి లోపలున్న మాట బయటికి రాక తప్పేది కాదు. నేను చూసిన క్రూరత్వాల్లో అదొకటి.

"కొండమీద సందనం రాసుకునే దేవుడి పేరు" అందామె, సిగ్గుపడుతూ.

"అప్పన్న అని రాసుకోండి" అన్నాను నేను.

అతను తలెత్తలేదు. "సింహాచలం కూడా అవొచ్చు. సింహాద్రి కూడా అవొచ్చు. అమ్మ సెప్పలేదు."

"ఓరి నీ సిగదరగ!" అని ఆమె నవ్వేసి, పక్క గుడిసెకేసి కేకేసింది. "ఒసే అప్పా! మావోడి పేరేటో ఈ బాబుకి సెప్పవే, నేపోతే ఈడు పొద్దుగూకినా కదిలేలాగ నేడు!"

వచ్చిన పేరు సింహాచలం. అతను రాసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు టీచరమ్మ దారిపొడుగునా నవ్వుతూనే ఉంది. నేను నవ్వలేదు. సంజాయిషీ అడిగినా బాగుండేది. అడగలేదు. కాగితం కొట్టేశాడు, అక్కడితో సరి.

తరువాత మా ఊరు వచ్చింది.

మా ఊరికి నంబర్లు వేసే పని నాకే అప్పజెప్పాడు. వీధి చివర మొదలుపెట్టి నూటపన్నెండు నంబర్లు వేశాను. మా ఇంటికి వేయలేదు. ఊళ్ళో ఇళ్ళంటే ఊరివాళ్ళ ఇళ్ళు. దివాణాన్ని ఆ వరసలో కలిపి ఎవరూ, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఈ కారణం నిజమే. దీని వెనక ఇంకొకటి ఉంది.

మా ఇంట్లో అప్పటికి ఏడాదిగా రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి.

నా భార్య పెళ్ళికి ముందే టీచరు ట్రైనింగు పాసైంది. పొందూరు వైపు ఒక బళ్ళో ఉద్యోగం ఇస్తూ ఆమె పేర కాగితం వచ్చింది. మా ఇంటి కోడలు జీతానికి బయటికి వెళ్ళదని నేను దాన్ని భోషాణంలో పెట్టి తాళం వేశాను. చెప్పలేదు. నెల తరువాత తపాలా జవాను నోట ఆమె వింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మర్నాడు పెరట్లో, పాత పశువులశాలలో, మట్టిపొయ్యి వేసుకుని తన అన్నం తను వండుకుంది. అప్పటినుంచీ మాటల్లేవు. నా అన్నం నేనే వండుకునేవాణ్ణి, వీధితలుపు వేసి. తరవాత కొన్నాళ్ళకు ఇల్లు గడవక నేనే ఈ జీతానికి కుదిరాను. ఆమె అప్పుడూ ఏమీ అనలేదు. ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

అతను నా నంబర్లు సరిచూడటానికి వచ్చి ఊరంతా నడిచి, చివరికి మా తలుపు ముందు ఆగాడు. వెనక పదిమంది ఊరివాళ్ళున్నారు.

"ఈ ఇంటికి నంబరేదండీ?"

"ఇది దివాణం" అన్నాను.

"ఇందులో మనుషులు లేరా?"

వెనకాల మా పాత బంట్రోతు కంగారుపడ్డాడు. "బాబుగారిల్లు బాబూ అది. దానికి జాజేటి!"

"పొయ్యి ఉంటే నంబరుంటాది మావా" అని అతను నాకేసి తిరిగాడు. "ఎన్ని పొయ్యిలండి?"

"ఒకటి."

అతను పైకి చూశాడు. మధ్యాహ్నం వంట వేళ. ఇంటి కప్పు మీంచి ఒక పొగ, పెరటి వైపు నుంచి ఒక పొగ. నన్నేమీ అడగలేదు. పెరటిదారిన లోపలికి పోయి, శాల గుమ్మం బయటే ఆగి, "అమ్మా, ఈ పొయ్యి మీదేనా?" అన్నాడు. "నాదే" అన్న మాట నాకు వినిపించింది. ఏడాదికి ఆ గొంతు వినడం అదే.

తిరిగొచ్చి మా సింహద్వారం మీద, మా ముత్తాతగారు చెక్కించిన పద్మాల పక్కన, 113 అని వేశాడు. కుంచె మళ్ళీ డబ్బాలో ముంచి, దాని కింద 114 అని వేశాడు.

మా బంట్రోతు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు, ఇంట్లో ఎవరో పోయినప్పుడు తీసినట్టు.

ఇల్లు దాచినందుకు అతను నా మీద పైకి రాసి పంపి ఉంటే నా ఉద్యోగం పోయేది. రాయలేదు. అది దయ అని టీచరమ్మ అంది. నేను అడగని దయ.

ఆ సాయంత్రం నా భార్య వీధిగుమ్మంలోకి వచ్చి నంబర్లు చూసింది. తరువాత నా ముందుకొచ్చి నిలబడింది.

"కింది నంబరు నాదే కదండీ?"

"అతని లెక్కలో."

"అయితే నా ఇంటికొచ్చిన ఉత్తరం నాకిచ్చెయ్యండి."

"చింపేశాను" అన్నాను. అబద్ధం. ఆమె నా మొలతాడుకున్న తాళంచెవి వైపు చూసి వెళ్ళిపోయింది.

మరునాడు రచ్చసావిడి దగ్గర చీటీలు వేశాం. తీసే చెయ్యి ఇన్వెస్టిగేటరుదే అయి ఉండాలట, అదొక రూలు. తీశాను. ఒకటి. ఒకటి, ఎనిమిది, పదిహేను అని అతను పైకి చదువుతుంటే నేను లోపల ముందుకి పరిగెత్తి చూశాను. వరస పోయి పోయి నూటపదమూడు దగ్గర ఆగుతుంది.

మూడోరోజు పొద్దున్న అతనూ టీచరమ్మా మా ఇంటికొచ్చారు. మండువాలో తువ్వాలు పరుచుకుని, నన్ను ఎరగనివాడిలాగే అడిగాడు.

"ఈ ఇంట్లో భార్యాభర్తలు ఒకే పొయ్యి కూడు తింటన్నారా?"

"మీరే చూశారుగా" అన్నాను.

"సూసింది మొన్న. రాసేది ఈ వేళ. ఈ వేళ ఒకటైతే ఒకటనే రాస్తాను. అప్పుడు మీరిద్దరూ దంపతుల్లో ఉంటారు. రెండైతే మీకు ఇందులో చోటు లేదు."

నా భార్య పెరటి గుమ్మంలోకి వచ్చింది. నాతో కాదు, అతనితో మాట్లాడింది.

"నా పేర వచ్చిన ఉత్తరం ఆ భోషాణంలో ఉన్నాది. చింపేశానన్నారు కానీ ఉన్నాది, నాకు తెలుసు. గడువు పోయినా సరే, ఆయన తీసి నా చేతిలో పెడితే ఇప్పుడే నా పొయ్యిలో నీళ్ళు పోసేస్తాను. ఏ ఉద్యోగానికి వెళ్ళినా శనివారం శనివారం ఈ ఇంటికే వస్తాను. ఒకటనే రాసుకోండి."

భోషాణం నేను నిలబడ్డ చోటికి పదడుగులు. తాళంచెవి నా దగ్గరే ఉంది.

అతను పెన్సిలు నాలుకకు తాకించాడు. నా మొహంలోకి చూడలేదు. నేలమీదికి చూస్తూ ఊరుకున్నాడు. ఇంకెవరైనా అయితే, మా బంట్రోతైనా సరే, "ఇచ్చియ్యండి బాబూ" అని ఒక మాట అనేవాడు. ఎవరో బతిమాలారు కాబట్టి ఇచ్చాను అని చెప్పుకోవడానికి నాకు ఒక వంక ఉండేది. ఆ ఒక్క మాట అతను అనలేదు. టీచరమ్మ నోరు తెరవబోతే చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ సముద్రపొడ్డు ఆడమనిషి ముందు కూర్చున్నట్టే నా ముందు కూర్చున్నాడు. ఆమెకి పిలవడానికి పక్కింటి మనిషి ఉంది. నాకెవరున్నారు?

పెరటిపొయ్యి మీద ఎసరు మరిగి పొంగింది. నీళ్ళు నిప్పుల మీద పడి చుయ్యిమంది. నా భార్య వెనక్కి తిరగలేదు. నా వైపే చూస్తూ నిలబడింది.

చాలాసేపటికి అతను రాశాడు. రాసింది పైకి చదవడం కూడా ఒక రూలు.

"నూటపదమూడు. దంపతులు కారు. కాళీ."

"పక్కింట్లో మంచి జంట ఉంది. వాళ్ళని రాసుకోండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇల్లు మారదండి" అని తువ్వాలు దులుపుకుని లేచాడు.

నా భార్య ఆ నెలాఖరుకి తనే అర్జీలు పెట్టుకుని ఇంకో బళ్ళో కుదిరింది. శనివారాలు ఇంటికి రాలేదు. ఇప్పుడు పెద్ద పంతులమ్మ అయిందని విన్నాను. నేను ఆ ఉద్యోగం మానేశాను. మా ఊరి దంపతుల జాబితా కట్టగట్టి పైకి పంపినప్పుడు అందులో ఒక గడి ఖాళీగా వెళ్ళింది. దేశంలో మొగుడూ పెళ్ళాలు ఎలా బతుకుతున్నారో ఆ కాగితాలు చూసి తేల్చి ఉంటారు. ఆ తేల్చినదాంట్లో మేము లేము.

ఇదంతా నౌపడ బెంచీ మీద కూర్చున్న నాకు గుర్తుకు వచ్చింది. టీచరమ్మ రైలు ముందు వచ్చింది. పెట్టె ఎక్కి, కిటికీలోంచి వంగి చెప్పింది.

"సార్ ఒక మాట అంటుండేవారండి. ఆ రోజు రాసేముందు ఇంకాసేపు ఆగవలసిందేమోనని."

నా కోపం చల్లారుతుందని చెప్పి ఉంటుంది. చల్లారలేదు. రూలు ప్రకారం అంతా చేసి, ఇంటికి పోయి నా మీద జాలిపడ్డాడన్నమాట.

రైలు కదిలింది. కిటికీ పక్కన నాలుగడుగులు నడిచాను. నేను అలా ఎవరి వెంటా నడిచే మనిషిని కాను.

"చాలినంత సేపే ఆగాడు" అన్నాను.